రెండూ సమానమే

పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తకముందు ఆ ఇంట్లో జరిగే మొదటి పని కాళ్లు చూడటం. అతను బల్ల చివర కూర్చుని రెండు కాళ్లూ చాపుతాడు. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని, రెండు అరచేతులూ భర్త రెండు పాదాల కిందా ఒకేసారి ఆనించి, గోడ వైపు చూస్తుంది. గోడ మీద ఏమీ ఉండదు. అలా చూస్తేనే చేతికి తెలుస్తుందని ఆమె నమ్మకం. ముందు మడమలు, తర్వాత పాదం మధ్య, తర్వాత బొటనవేలి కింద ఉబ్బెత్తు, చివరికి వేళ్లు.

"అయిందా?" అంటాడు అతను, ఇంకా మొదలుపెట్టకముందే.

"కదలకండి. కదిలితే ఎలా తెలుస్తుంది?"

"నువ్వు చూసేది వేడినా, జాతకమా?"

"రెండూ సమానమే," అని తేల్చి ఆమె లేస్తుంది. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో ఆ రోజు గడిలో 'సమానం' అని రాస్తుంది. ఆ సోమవారానికి అవి నలభై ఒకటయ్యాయి. ఒక్క కొట్టివేత లేదు. చదువుకునే రోజుల్లో కూడా ఆమె ఇంత శుభ్రంగా రాసిన పాపాన పోలేదు.

ఆసుపత్రిలో షుగరు ఉన్నవాళ్ల కాళ్లు మాత్రమే చూసే నర్సు ఒకావిడ ఉంది. కాళ్ల నర్సమ్మ అంటారు. కాగితం ఇచ్చింది ఆవిడే. అతని పాదాలకి స్పర్శ పోయింది, ముల్లు దిగినా తెలియదు, కాబట్టి నొప్పి వచ్చి కబురు చెబుతుందని కాచుకుని కూర్చోవద్దంది. లోపల నలిగిన చోట ముందు వేడి పుడుతుంది, పుండు పడేది ఆ తర్వాత. ఒక కాలికంటే ఇంకో కాలు అదే చోట వరసగా రెండు రోజులు వేడిగా ఉంటే నడక ఆపేసి వెంటనే రావాలి. ఇంటికివ్వడానికి వేడి కొలిచే మిషన్లు లేవు కాబట్టి చేత్తోనే చూడమంది. ఆ మాటకి ఈమెకి నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఇస్త్రీ పెట్టె పట్టుకున్న మనిషికి వేడి సంగతి ఇంకొకరు చెప్పాలా అనుకుంది.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. మధ్యలో తలుపు బదులు పాత దుప్పటి వేలాడుతుంది. కొట్టులో పెద్ద బల్ల ఆమెది. కుడిచెయ్యి పెట్టె తోస్తుంటే ఎడమ అరచెయ్యి దాని వెనకాలే వెళ్లి, గుడ్డ ఇంకా ఆవిర్లు కక్కుతుండగానే మడతని అదిమి కూర్చోబెడుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు చురుక్కుమనగానే చెయ్యి లాక్కుంటారు. ఆమె లాక్కోదు. పొగలు వచ్చే టీ గ్లాసుని అందరిలా అంచు పట్టుకోదు, నడుం పట్టుకుని తాగుతుంది. ఆ వీధిలో అదొక గొప్ప, ఆమెకీ లోలోపల కాస్త గొప్పే.

అతని పని నడక. బట్టల మూటలు తేవడం, మడతలు ఇచ్చి రావడం. వీధి మొత్తం అతన్ని బొంగరం అంటుంది. ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల బిల్డింగుకి లిఫ్టు ఉంది కానీ అది కిందికి దిగేదాకా నిలబడే ఓపిక అతనికి లేదు. ఆ నిలబడే సేపట్లో రెండంతస్తులు ఎక్కేస్తానంటాడు, ఎక్కేస్తాడు కూడా. భోజనం నిలబడి, టీ నడుస్తూ. కూర్చోమంటే "కూర్చుంటే తుప్పు పడతాను" అంటాడు. నిజంగా నడక ఆపాల్సి వస్తే ఈ మనిషిని ఏ గుంజకి కట్టెయ్యాలా అని నర్సమ్మ ఆ మాట చెప్పిన రోజు నుంచీ ఆమెకి దిగులు.

సోమవారం మూటలో లెక్కల మాస్టారి ప్యాంట్లు ఉన్నాయి. మాస్టారిది ఎదురు బిల్డింగులో రెండో అంతస్తు. ఆయన ప్యాంట్లకి ఎడమ కాలు అందరి ప్యాంట్లలాగే మోకాలి దగ్గర నలిగి వస్తుంది. కుడి కాలు మోకాలి కింద నలగదు. పైకి మడిచి గుచ్చిన పిన్నుల చిల్లులు మాత్రం వరసగా ఉంటాయి. బొటనవేలి కింద చొక్కా బొత్తాం అంత పుండుతో మొదలై ఆర్నెల్లలో మోకాలి దాకా పోయింది ఆ కాలు. ఆమె ఆ వైపు కూడా ఇస్త్రీ చేస్తుంది, చిల్లుల మీద పెట్టె ఇంకాస్త నెమ్మదిగా తిప్పి మరీ. వదిలేస్తే ఆయన మనసు చివుక్కుమంటుందని. భర్త మాత్రం ఈమధ్య మాస్టారి బట్టలు గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి, ఆయన తలుపు తీసేలోపు వచ్చేస్తున్నాడు. ఎందుకలా అంటే "తొందరలో ఉన్నాను" అన్నాడు. అతను తొందరలో లేనిదెప్పుడు గనక.

పదకొండు గంటలకి పక్క కొట్టులో బట్టలు కుట్టే అమ్మాయి వచ్చింది. చంకలో ఏడాది పిల్ల, గుక్కపట్టి ఏడుస్తోంది.

"అక్కా, దీని ఒళ్లు వేడిగా ఉందేమో కాస్త చూడవా. నాకేమో అనుమానంగా ఉంది, తేల్చుకోలేకపోతున్నా."

ఆమె పెట్టె నిలబెట్టి, చెయ్యి తుడుచుకుని, పిల్ల నుదుటి మీద వేసింది. గోడ వైపు చూసింది.

"ఏం లేదే. మామూలుగానే ఉంది. పళ్లొస్తున్నాయేమో, అందుకే ఈ పేచీ."

"హమ్మయ్య. నువ్వు చెప్పావంటే సరే," అని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

అరగంట కాలేదు, పక్క కొట్టులో గోల. పిల్ల నాయనమ్మ వచ్చి ఎత్తుకుందట, ఎత్తుకోగానే పెనంలా కాలిపోతోందని గగ్గోలు పెట్టిందట. థర్మామీటరు పెడితే నూట మూడు. తల్లి పిల్లని భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెడుతూ, కొట్టు ముందు ఒక్క క్షణం ఆగింది.

"తప్పు నాదేలే అక్కా. నీవి ఇస్త్రీ చేతులు. నిప్పు ముట్టుకున్నా మామూలుగానే ఉందంటాయి," అని వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆమె మళ్లీ పెట్టె అందుకుంది, ఇస్త్రీకి వచ్చిన దుప్పటి మీద పెట్టింది, అక్కడే ఆపేసింది. వాసన వస్తే గానీ తెలివి రాలేదు. తెల్ల దుప్పటి మీద లేత పసుపు మచ్చ పడింది. ఇరవై ఆరేళ్లలో ఒక చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అలాంటి మచ్చలు. ఆ సమయంలో మచ్చ ఆమెకి పట్టలేదు. పెట్టె ప్లగ్గు పీకేసి వెనక గదిలోకి వెళ్లింది.

రెండు గ్లాసుల్లో నీళ్లు పోసింది. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో పొయ్యి మీద కాస్త వెచ్చబెట్టినవి. కళ్లు మూసుకుని గ్లాసులు అటూ ఇటూ మార్చింది. ఏది ఏదో తనకే తెలియకుండా పోయాక రెండు చేతుల్తో రెండూ పట్టుకుంది.

సమానం.

ఇంకోసారి మార్చింది. ఇంకోసారి. ఒకటి కొంచెం వెచ్చగా ఉన్నట్టే ఉంది, కానీ అది తెలిసి అనుకోవడమో అనుకుని తెలియడమో తేలలేదు. చిరాకేసి రెండు గ్లాసులూ రెండు చెంపలకి ఆనించుకుంది. కుడి చెంప వెచ్చగా, ఎడమ చెంప చల్లగా, అరక్షణంలో తెలిసిపోయింది. గ్లాసులు కింద పెట్టి అక్కడే గోడకి ఆనుకుంది. నలభై ఒక్క సమానాలు.

అతను మధ్యాహ్నం వచ్చాడు, నిలబడి నాలుగు ముద్దలు తిన్నాడు. రోజు మొత్తంలో అతను నడుం వాల్చేది భోజనమయ్యాక ఆ ఇరవై నిమిషాలే, అదీ విప్పని మూట మీద. ఆమె గడియారం చూస్తూ కూర్చుంది. బయట నుంచి వచ్చిన కాళ్లు చల్లబడాలి కదా. పదిహేను నిమిషాలు అయ్యాక వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ పాదానికి చెంప ఆనించింది. చల్లగా ఉంది. కుడి పాదం. మడమ చల్లగానే ఉంది. మధ్యలో చల్లగానే ఉంది. బొటనవేలి కింద ఉబ్బెత్తు దగ్గరికి వచ్చేసరికి చెంప వెచ్చబడింది. ఇప్పుడే పెట్టె తీసిన గుడ్డలాంటి వెచ్చదనం. మళ్లీ ఎడమది, మళ్లీ కుడిది. అనుమానమేం లేదు.

అతను కళ్లు తెరిచాడు.

"ఏంటే, కాళ్ల మీద పడ్డావు? ఏం తప్పు చేశావు?"

"చేశాను," అంది ఆమె. "లేవకండి. కుడి కాలు వేడిగా ఉంది."

"పొద్దున సమానం అన్నావు."

"నా చేతికి తెలియలేదు. నా చేతులు చచ్చాయి."

అతను కాళ్లు వెనక్కి లాక్కుని లేచి కూర్చున్నాడు. చెప్పులు వెతుక్కుంటూ, ఆమె మొహం చూడకుండా అన్నాడు. "ఎండలో తిరిగొచ్చాను. వేడిగా ఉండక చల్లగా ఉంటుందా?"

"ఎండ ఒక్క కాలికే తగిలిందా?"

అతను చెప్పులు తొడుక్కున్నాడు. మడతలు చంకన పెట్టుకుని వీధిలోకి దిగిపోయాడు. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురు బిల్డింగు మెట్ల మీద ఉన్నాడు. లిఫ్టు కిందే ఉంది, తలుపు తెరిచే ఉంది.

మంగళవారం పొద్దున మళ్లీ చెంప పెట్టింది. మళ్లీ అక్కడే, అంతే వేడి. వరసగా రెండో రోజు. ఆసుపత్రికి పదమంది. అతను పాదం ఎత్తి అద్దంలో చూసుకుని, "పుండేదీ? చూపించు," అన్నాడు. చర్మం మీద గీత కూడా లేదు. కాస్త గట్టిపడి, కాస్త ఎర్రగా ఉందంతే. "నిన్న చేతులు అబద్ధం చెప్పాయి, ఇవాళ చెంప నిజం చెబుతుందా? అది కూడా నీ చెంపేగా," అన్నాడు. మాటకి మాట అంటించడంలో ఆ మనిషిని మించినవాడు లేడు.

అప్పుడు ఆమెకి బిల్డింగు కాపలా మనిషి గుర్తొచ్చాడు. అతని సొరుగులో జ్వరం చూసే తుపాకీ ఒకటుంది. కరోనా రోజుల్లో వచ్చేపోయేవాళ్ల నుదుళ్లు అన్నీ దాంతో కాల్చేవాడు. మూట బరువుగా ఉంది సాయం పట్టమని చెప్పి భర్తని గేటు దాకా తీసుకెళ్లి, అక్కడ మూట కింద పడేసింది.

"బాబాయ్, నీ తుపాకీ ఇంకా పనిచేస్తోందా?"

"ఎందుకు పనిచెయ్యదు? బ్యాటరీ కూడా మొన్నే మార్చాను. ఎవరికి జ్వరం?"

"ఈయన కాళ్లకి."

కాపలా మనిషి ఆమెని, అతన్ని, అతని చెప్పుల్ని వరసగా చూశాడు. "నుదుళ్లు చూసే దాంతో కాళ్లు చూడమంటావా? రేపు అదే తీసుకెళ్లి బిల్డింగు ప్రెసిడెంటు గారి నుదుటికి పెట్టాలి నేను."

"తగలక్కర్లేదుగా. దూరం నుంచే కదా కాల్చేది."

ఆ మాటలో న్యాయం ఉందనుకున్నాడేమో, తుపాకీ తీశాడు. అతను విసుక్కుంటూనే కాపలా మనిషి కుర్చీలో కూలబడి చెప్పులు విడిచాడు. ముందు ఎడమ పాదం. బొటనవేలి కిందకి గురిపెట్టి మీట నొక్కాడు కాపలా మనిషి. అంకె రాలేదు.

"లో అంటోంది," అన్నాడు.

"లో అంటే ఏంటి, లోపలనా?"

"కాదమ్మా, తక్కువని. దానికి అందనంత చల్లగా ఉందన్నమాట. కాళ్లు కదా, చల్లగానే ఉంటాయి. అందుకే చెప్పాను, ఇది నుదుళ్లకి..." అంటూనే కుడి పాదానికి గురిపెట్టి నొక్కాడు. కీచుమంది. కాపలా మనిషి మాట ఆపి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "తొంభై రెండున్నర."

మళ్లీ ఎడమ. లో. మళ్లీ కుడి. తొంభై రెండున్నర.

"ఒక కాలు దీనికి అందట్లేదు, ఇంకోటి అందుతోంది," అన్నాడు కాపలా మనిషి నెమ్మదిగా. "ఎందుకలా?"

అతను చెప్పులు వేసుకున్నాడు. ఈసారి ఆమె ఆసుపత్రి మాట ఎత్తనే లేదు. అతనే బస్టాపు వైపు తిరిగాడు.

ఆసుపత్రిలో చీటీలు రాసే ఆయన తలెత్తకుండా అడిగాడు. "ఏంటి కంప్లైంటు?"

"కుడి కాలు వేడిగా ఉందండి," అంది ఆమె.

"వేడి చేసి ఉంటుంది. నీళ్లు బాగా తాగమనండి. చలవ చేసేవి తినమనండి. తర్వాత ఎవరు?"

"ఆ వేడి కాదండి. షుగరు కాలు. ఒక్క చోటే వేడి. కాళ్ల నర్సమ్మ రమ్మంది."

"పుండు ఉందా?"

"లేదు. లేకుండానే రమ్మంది."

ఆయన ఈసారి తలెత్తాడు. మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "చూడండమ్మా, లోపల పుండ్లతో ఉన్నవాళ్లు ముప్పై మంది కూర్చున్నారు. వాళ్లనే చూడలేకపోతున్నారు. పుండు పడితే అప్పుడు రండి."

"విన్నావుగా," అన్నాడు భర్త. గొంతులో ప్రాణం లేచి వచ్చింది. "పద పోదాం."

ఆమె కదల్లేదు. వెనక వరసలో గొణుగుడు మొదలైంది. ఆమె మామూలు గొంతుతోనే అంది.

"సరేనండి. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి. ఇవాళ తారీఖు వేసి, ఈ మనిషి వచ్చాడు, పుండు లేదని పంపించేశాం అని. సంతకం పెట్టండి. పుండు పడ్డాక ఆ కాగితం పట్టుకునే వస్తాను."

చీటీలాయన కలం చేతిలోనే ఉంది. ముందు ఆమెని చూశాడు, తర్వాత కలాన్ని చూశాడు. "అలా రాయకూడదమ్మా," అన్నాడు.

"రాయకూడని మాట చెప్పకూడదు కదండీ."

వెనక వరసలో ఎవరో ముసలాయన కిసుక్కుమన్నాడు. చీటీలాయన కాసేపు తల గోక్కుని, ఒక చీటీ చింపి, దాని మీద 'కాళ్లు' అని రాసి ఇచ్చాడు. "ఐదో గది. లేటవుతుంది మరి, నన్ననకండి."

లేటయింది. ఆ బెంచీ మీద అతను ఒక్క నిమిషం ఒక్కలా కూర్చుంటే ఒట్టు. నీళ్లు తాగొస్తానని ఒకసారి, వంతు ఎంత దాకా వచ్చిందో చూస్తానని ఒకసారి లేవబోయాడు. రెండుసార్లూ ఆమె చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్ల వంతు వచ్చేసరికి ఆ అంచు ఉండలా నలిగిపోయింది, పొద్దున ఆమే ఇస్త్రీ చేసింది.

నర్సమ్మ మాటలేం పెట్టుకోలేదు. రెండు కాళ్లూ ఎత్తుపీట మీద పెట్టించి, పావుగంట ఆగి, పాదానికి ఆరు చోట్ల చొప్పున మిషను పెట్టింది. ఎడమ బొటనవేలి కింద ఎనభై ఆరు పాయింట్ ఎనిమిది. కుడివైపు తొంభై రెండు పాయింట్ మూడు.

"నాలుగు డిగ్రీల తేడా దాటకూడదు. ఇది ఐదున్నర," అంది. వేలితో అదిమి చూసింది. "పైన తోలు బాగానే ఉంది, లోపల నలిగిపోతోంది. ఇంకో వారం ఇలాగే మెట్లెక్కి ఉంటే తెరుచుకునేది. మంచి టైముకి వచ్చారు."

లోపలి నుంచి డాక్టరు వచ్చి చూసి, ఎక్స్‌రే తీయించి, ఎముక బాగుందన్నాడు. ఆ చోటు మీద బరువు పడకుండా మెత్తటి అట్ట కోసి అతికించారు, బిరుసుగా ఉండే పెద్ద చెప్పు ఇచ్చారు. మూడు వారాలు కాలు కింద పెట్టకూడదు, తప్పనిసరైతే ఆ చెప్పుతో నాలుగడుగులు. మూడు రోజులకోసారి వచ్చి కొలిపించుకోవాలి. అతను అన్నిటికీ తల ఊపాడు.

నర్సమ్మ కాగితం అడిగింది. నలభై ఒక్క గడులూ పైనుంచి కిందికి చూసింది.

"ఎవరు చూస్తున్నారమ్మా రోజూ?"

"నేనే," అంది ఆమె. "ఇస్త్రీ చేస్తాను."

నర్సమ్మ ఆమె అరచెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, తిరగేసి, బొటనవేలితో రాసి చూసింది. బల్ల చెక్కలా ఉన్న ఆ చేతిని ఆవిడ కాసేపు అలాగే పట్టుకుంది. "నాదీ తప్పుందమ్మా. ఏం పని చేస్తావని నేను అడగలేదు. చెయ్యి కాదు, ముంజేయి లోపలివైపు ఆనించి చూడు, తెలుస్తుంది. అసలు ఆయన్నే చూసుకోమను. ఆయన చేతులు బాగానే ఉన్నాయిగా, మొన్న పరీక్ష చేశాను."

ఆమె భర్త వైపు తిరిగింది. అతను కొత్త చెప్పు పట్టీని సరిచేస్తున్నాడు. అది సరిగ్గానే ఉంది.

బస్టాపులో ఎవరూ లేరు. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఆమె పక్కన కూర్చుంది. రెండు బస్సులు వాళ్లవి కానివి వెళ్లిపోయాయి.

"మీ చేతులు బాగానే ఉన్నాయట," అంది.

"ఊఁ."

"మీ కాలు మీరెప్పుడూ పట్టుకుని చూసుకోలేదా?"

అతను రోడ్డు వైపు చూశాడు. బస్సు వస్తుందేమోనని కాదు.

"చూసుకున్నాను."

"ఎప్పుడు?"

"పోయిన బుధవారం, స్నానం చేస్తుంటే. బొటనవేలి కింద వెచ్చగా తగిలింది. తర్వాత రోజూ చూసుకుంటూనే ఉన్నాను."

ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. ఆరు. ఆరు పొద్దులు ఈ మనిషి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆరు సార్లు తను గోడ వైపు చూసి సమానం అంది.

"నేను సమానం అంటుంటే విని ఊరుకున్నారా?"

"నువ్వు అనేదాకా భయంగా ఉండేది. రాత్రంతా మాస్టారే కనిపించేవాడు. పొద్దున నువ్వు సమానం అన్నాక, నాకే తప్పుగా తెలిసిందేమోలే అనుకునేవాణ్ని. మధ్యాహ్నం దాకా హాయిగా ఉండేది."

"నా చేతులకి తెలియదని మీకు తెలుసు."

అతను నలిగిన చొక్కా అంచుని చేత్తో సాపు చేసుకున్నాడు.

"తెలుసు," అన్నాడు. "ఇన్నేళ్లుగా నువ్వు టీ గ్లాసు పట్టుకోవడం చూస్తున్నానుగా."

ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. నిన్నటి నుంచి తన చేతుల్ని తనే తిట్టుకుంటోంది, నరికేసుకోవాలన్నంత కోపంగా. ఆ చేతుల్నే ఈయన అడ్డం పెట్టుకుని వెనక దాక్కున్నాడు. నిజం చెప్పలేవని తెలిసే వాటిని రోజూ అడిగాడు. బస్సు వచ్చింది. మీరే ఎక్కండి అనాలనిపించింది. భుజం ఇచ్చింది.

బుధవారం పొద్దున ఆమె పీట వెయ్యలేదు. కాగితం, కలం అతని పక్కన పెట్టి షట్టరు ఎత్తింది. మాట లేదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు మూట మీద పెట్టించి, ఒళ్లో మడతపెట్టాల్సిన బట్టలు పడేసింది. తెల్లవారుజామున లేచి ఇస్త్రీ చేసినవి తీసుకుని తనే బిల్డింగుకి వెళ్లింది. లిఫ్టులో పైకి వెళుతుంటే, ఇది అందరికీ తెలిసిన సుఖమే కదా, ఈ మనిషికి ఎందుకు పట్టలేదో అని ఇంకో విడత కోపమొచ్చింది. రెండో అంతస్తులో మాస్టారు తలుపు తీసి, "బొంగరం ఏడమ్మా?" అన్నాడు. "కూర్చున్నాడండి," అంది. ఆయన ఆమె మొహంలోకి చూసి, ఇంకేం అడక్కుండా, "కూర్చోనివ్వు," అన్నాడు.

తిరిగొచ్చేసరికి కాగితంలో 'కుడి కొంచెం వేడి' అని ఉంది. ఆ 'కొంచెం' ఎంతో, అందులో నిజం ఎంతో ఆమెకి తెలియలేదు. రోజంతా పెట్టె తోస్తూ ఆ 'కొంచెం' గురించే ఆలోచించింది. అతను కుర్చీలో కుదురుగా లేడు. వేళ్లతో కుర్చీ చెయ్యి మీద దరువు వేశాడు, బొత్తాలు లెక్కపెట్టాడు, వీధిలో పోయే ప్రతివాణ్నీ పలకరించాడు. ఆమెని మాత్రం పలకరించలేదు, ధైర్యం చాలలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె బిల్డింగు మెట్ల దగ్గర నుంచి చూస్తే కొట్టులో కుర్చీ ఖాళీగా ఉంది. చేతిలో మూట అక్కడే వదిలేసి రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తింది. అతను మడతలు సర్దిపెట్టే చిన్న బల్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు, కుడి కాలు గాలిలోకి ఎత్తిపెట్టి. చేతిలో మిగిలిన చొక్కాలు.

"ఎవరో తొందరపెడుతుంటే వాళ్ల బట్టలు ఇచ్చాను. పాక్కుంటూ వచ్చాను. కాలు కింద పెట్టలేదు."

ఆమె రొప్పుతూ నిలబడింది.

"నమ్మవా?" అన్నాడు.

"ఎలా నమ్మమంటారు?" అంది. రెండు రోజుల తర్వాత అతనితో అన్న మొదటి మాట అది. అతను తల దించుకున్నాడు. ఆమె అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, వదిలేసిన మూట కోసం మళ్లీ రోడ్డు దాటింది. నడుస్తుంటే అప్పుడు ఏడుపొచ్చింది. కాలు పోతుందని కాదు, అది కూడా ఉంది. మూడు వారాలు తను అటూ ఇటూ తిరగాలి, ఈయన ఇక్కడ కూర్చోవాలి, మధ్యలో ఉన్నది ఈయన నోటి మాట ఒక్కటే. ఆ మాట మీద ఎంత బరువు వెయ్యొచ్చో తెలియకుండా ఒక్క అడుగు కూడా ఎలా వెయ్యడం.

శుక్రవారం పొద్దున ఆమె కాగితం అతని పక్కన పెట్టి షట్టరు వైపు వెళ్లింది. గొళ్లెం తీసి, వంగి, పిడి పట్టుకుంది.

"ఏమే," అన్నాడు అతను వెనక నుంచి.

ఆమె తిరగలేదు.

"కుడిది నిన్నటికంటే వేడిగా ఉంది. కొంచెం కాదు, బాగా."

ఆమె పిడి వదిలేసింది.

"నిన్న మధ్యాహ్నం పాకలేదు," అన్నాడు. "నడిచాను. నువ్వు రావడం చూసి కింద కూర్చున్నాను. బల్ల దాకా వెళ్లాను, గుమ్మం దాకా వెళ్లి ఇచ్చి మళ్లీ బల్ల దగ్గరికి వచ్చాను. కొత్త చెప్పు కూడా వేసుకోలేదు."

"ఎన్ని అడుగులు?"

"పది." కాస్త ఆగాడు. "పద్దెనిమిది. వస్తూ పోతూ లెక్కపెట్టాను."

అతని మొహం పాలిపోయి ఉంది, గడ్డం గీసుకోలేదు, రెండు చేతులూ మోకాలి మీద బిగించి పట్టుకున్నాడు. అది మంచి కబురు కాదు. ఇవాళ ఆసుపత్రికి వెళ్లాలి, నర్సమ్మ చివాట్లు పెడుతుంది, మూడు వారాలు నాలుగవుతాయి. అయినా ఎవరూ అడక్కుండా అతనంతట అతను చెప్పిన మొదటి నిజం అది. ఏడవాలో తిట్టాలో తెలియక, వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎక్కడ?" అంది.

అతను వంగి, తన వేళ్లతో పాదం కింద ముందు ఒకచోట, తర్వాత దాని పక్కన వెతికాడు. దొరికాక ఆమె మణికట్టు పట్టుకుని, చెయ్యి వెల్లకిలా తిప్పి, ముంజేతి లోపలివైపు తీసుకెళ్లి అక్కడ ఆనించాడు.

"ఇక్కడ. తెలుస్తోందా?"

"తెలుస్తోంది," అంది ఆమె.